కూర్చుకోవడమా? కొనుక్కోవడమా?

ఉద్దేశం

నిత్యజీవితంలో వాడే యంత్రాన్ని గురించి ఆలోచించి నిర్ణయం తీసుకొనే అలవాటును, ధరకూ నాణ్యతకూ బాధ్యతకూ మధ్య ఉన్న సంబంధాన్ని గ్రహించే శక్తిని విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

'ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు' అని తెలుగువారి సామెత. ఇల్లు కట్టినవాడికే ఇటుకల నాణ్యత, ఇసుక ధర, మేస్త్రీ పనితనం తెలిసివస్తాయి. కట్టిన ఇల్లు కొనుక్కొన్నవాడికి ఆ శ్రమ ఉండదు. అయితే గోడ లోపల ఏమున్నదో కూడా అతనికి తెలియదు. డెస్క్‌టాప్ కంప్యూటర్ విషయంలోనూ ఇటువంటి సందిగ్ధమే ఎదురవుతుంది. విడిభాగాలను ఒక్కొక్కటిగా ఎంచుకొని కూర్చుకోవడమా? లేక ఒక సంస్థ సిద్ధం చేసి అమ్మే యంత్రాన్ని కొనుక్కోవడమా? మొదటిదానిని బజారులో 'అసెంబుల్డ్ కంప్యూటర్' అనీ, రెండవదానిని 'బ్రాండెడ్ కంప్యూటర్' అనీ వ్యవహరిస్తారు.

చాలామంది దీనిని ధరకు సంబంధించిన ప్రశ్నగానే భావిస్తారు. రెండు ధరలను పక్కపక్కన రాసుకొని, తక్కువ ఉన్నదానిని ఎంచుకొంటారు. ధర ముఖ్యమైనదే. కాని డబ్బు చెల్లించి యంత్రాన్ని ఇంటికి తెచ్చుకొన్న తరువాత మరొక ప్రశ్న ముందుకు వస్తుంది. అది పనిచేయని నాడు దానిని బాగుచేసే బాధ్యత ఎవరిది? ఈ ప్రశ్నను కొనడానికి ముందే వేసుకొన్నవారు నష్టపోయే అవకాశం తక్కువ.

పుట్టుకతోనే వచ్చిన ప్రశ్న

సొంత కంప్యూటర్ ఎప్పుడు పుట్టిందో ఈ సందిగ్ధమూ అప్పుడే పుట్టింది. 1975 జనవరిలో అమెరికాలోని 'పాపులర్ ఎలక్ట్రానిక్స్' పత్రిక ముఖచిత్రంగా 'ఆల్టెయిర్ 8800' అనే చిన్న కంప్యూటర్ కనిపించింది. దానిని తయారుచేసిన సంస్థ విడిభాగాల పెట్టెగానూ అమ్మింది, కూర్చిన యంత్రంగానూ అమ్మింది. కూర్చినదానికి ధర ఎక్కువ. విడిభాగాలు కొన్నవారు వాటిని స్వయంగా సోల్డరింగ్ చేసి అతుక్కోవలసి వచ్చేది. ఒక్క అతుకు సరిగా పడకపోయినా యంత్రం పలికేది కాదు.

1976లో వచ్చిన 'ఆపిల్ 1' విషయంలో దుకాణదారుడే ఒక షరతు పెట్టాడు. కాలిఫోర్నియాలోని 'బైట్ షాప్' యజమాని 50 యంత్రాలు కావాలని అడుగుతూ, వాటి బోర్డులపై భాగాలన్నీ ముందే అతికి ఇవ్వాలని కోరాడు. అప్పటికే కొనుగోలుదారులలో రెండు వర్గాలు ఉన్నాయన్నమాట. యంత్రం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవాలన్న కుతూహలం ఉన్నవారు ఒక వర్గం. యంత్రంతో తమ పని జరిగితే చాలునన్నవారు మరొక వర్గం. రెండు కోరికలూ న్యాయమైనవే.

ఈ చరిత్రను మలుపు తిప్పినది 1981 ఆగస్టు 12న వెలువడిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్. సుమారు ఒక్క సంవత్సర కాలంలో దానిని సిద్ధం చేయవలసి రావడంతో, ఇంజనీర్లు అంగడిలో దొరికే భాగాలనే ఎక్కువగా వాడుకొన్నారు. ప్రాసెసర్ ఇంటెల్ సంస్థది. ఆపరేటింగ్ సిస్టమ్ మైక్రోసాఫ్ట్ సంస్థది. ఇతరులు ఆ యంత్రానికి తగిన కార్డులు తయారుచేయడానికి వీలుగా ఐ.బి.ఎం. దాని విద్యుత్ వలయాల పటాలను ప్రచురించింది. యంత్రాన్ని మేల్కొలిపే 'బయోస్' అనే ప్రోగ్రామును కూడా ప్రచురించింది గాని, దానిపై కాపీరైట్ హక్కును తనవద్దే ఉంచుకొన్నది.

ఆ ఒక్క అడ్డంకినీ 'కాంపాక్' సంస్థ దాటింది. ఐ.బి.ఎం. ప్రోగ్రాము పంక్తులను నకలు చేయక, అది చేయవలసిన పనుల వివరణను ఆధారంగా చేసుకొని కొత్త ప్రోగ్రామును రాయించింది. 1982 నవంబరులో తన కంప్యూటర్‌ను ప్రకటించింది. 1984 నుంచి 'ఫీనిక్స్' అనే మరొక సంస్థ ఇటువంటి బయోస్‌ను కోరినవారందరికీ అమ్మసాగింది. దీనితో ఒకే నమూనాకు ఇమిడే భాగాలను ఎందరో తయారుచేయడం మొదలయింది. 1995లో ఇంటెల్ సంస్థ 'ఏ.టి.ఎక్స్.' అనే ప్రమాణాన్ని ప్రకటించింది. బోర్డు కొలతలు ఎంత, మరల రంధ్రాలు ఎక్కడ, విద్యుత్తు అందించే కనెక్టర్ ఎలా ఉండాలి అన్న విషయాలను ఆ ప్రమాణం నిర్దేశించింది. ఒక సంస్థ చేసిన బోర్డు వేరొక సంస్థ చేసిన క్యాబినెట్‌లో చక్కగా అమరడానికి కారణం ఇదే. సామాన్యుడు తన ఇంట్లో, ఒక్క స్క్రూడ్రైవర్‌తో కంప్యూటర్‌ను కూర్చుకోగలగడం ఇటువంటి ఉమ్మడి ప్రమాణాల ఫలితం.

మన దేశంలో

భారతదేశంలో 1984లో ప్రకటించిన కంప్యూటర్ విధానం దిగుమతుల నిబంధనలను సడలించింది. 1991 ఆర్థిక సంస్కరణలు ఆ దారిని మరింత విశాలం చేశాయి. 1997లో మన దేశం అంతర్జాతీయ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరి, కంప్యూటర్ వస్తువులపై సుంకాలను క్రమంగా తొలగించింది. ఢిల్లీలోని నెహ్రూ ప్లేస్, ముంబయిలోని లామింగ్టన్ రోడ్, చెన్నైలోని రిచీ స్ట్రీట్, సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ విడిభాగాల విపణులుగా పేరు పొందాయి. 2000 తరువాతి దశకంలో తెలుగు పట్టణాలలోని నెట్ సెంటర్లు, డి.టి.పి. కేంద్రాలు ఎన్నో అసెంబుల్డ్ కంప్యూటర్లతోనే నడిచాయి.

ఇక్కడ ఒక విశేషాన్ని గమనించాలి. పాశ్చాత్య దేశాలలో 'సొంతంగా కూర్చుకోవడం' అంటే కొనుగోలుదారు స్వయంగా మరలు బిగించడమే. మన ఊళ్ళలో అసెంబుల్డ్ కంప్యూటర్ అన్నప్పుడు తరచుగా దుకాణదారుడే దానిని కూరుస్తాడు. కొనేవాడు జాబితా ఇస్తాడు, లేదా దుకాణదారుడు ఇచ్చిన జాబితాకు తల ఊపుతాడు. ఇది పై రెండింటికీ నడుమ ఉన్న మూడవ మార్గం. ఈ మార్గంలో బాధ్యత కొంత కాగితం మీద, కొంత మాట మీద ఆధారపడి ఉంటుంది. మాట మంచిదైతే ఇది సుఖమైన మార్గం. కాగితం లేని చోట మాట తప్పితే అడిగే ఆధారం ఉండదు.

కూర్పులోని మెలకువలు

డెస్క్‌టాప్ కంప్యూటర్‌లో ముఖ్య భాగాలు కొద్దిగానే ఉంటాయి. గణన చేసేది ప్రాసెసర్. పని జరిగినంతసేపు సమాచారాన్ని చేతికందేలా ఉంచేది ర్యామ్. శాశ్వతంగా దాచేది హార్డ్ డిస్క్ లేదా ఎస్.ఎస్.డి. వీటన్నిటినీ కలిపేది మదర్‌బోర్డ్. ఇంటికి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును 12, 5, 3.3 వోల్టులకు మార్చి అందించేది ఎస్.ఎం.పి.ఎస్. అనే పవర్ సప్లై. దృశ్యాలకు సంబంధించిన భారమైన పని ఉన్నప్పుడు గ్రాఫిక్స్ కార్డు తోడవుతుంది. వీటికి నీడనిచ్చేది క్యాబినెట్.

వీటిని కూర్చడం కష్టమైన పని కాదు గాని, పొందిక తెలియాలి. ప్రతి ప్రాసెసర్ ప్రతి బోర్డు సాకెట్‌లోనూ ఇమడదు. డి.డి.ఆర్.4 ర్యామ్‌ను డి.డి.ఆర్.5 బోర్డులో అమర్చడం సాధ్యం కాదు. రెండింటి గాడి స్థానాలు వేరు. ప్రాసెసర్‌కూ దానిని చల్లబరచే ఫ్యాన్ దిమ్మెకూ మధ్య ఉష్ణవాహక లేపనాన్ని పలుచగా పూయాలి. అది లేకుంటే నడుమ మిగిలిన గాలి వేడిని సులభంగా పోనీయదు. శరీరంలో చేరిన స్థిర విద్యుత్తు సున్నితమైన చిప్పులను పాడుచేయగలదు. అందువల్ల భాగాలను తాకే ముందు భూమికి కలిపిన లోహాన్ని ముట్టుకోవడం, బోర్డును అంచులతో పట్టుకోవడం మంచి అలవాటు.

కూర్చుకొన్నవారి లాభనష్టాలు

కూర్చుకోవడంలోని మొదటి లాభం, డబ్బును అవసరమైన చోటనే ఖర్చు చేయగలగడం. తెలుగు పుస్తకాలను అక్షరకూర్పు చేసే డి.టి.పి. కేంద్రానికి ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు అక్కరలేదు. చక్కని తెర, మంచి కీబోర్డు కావాలి. వీడియోలను కూర్చేవారికి ర్యామ్, నిల్వస్థలం అధికంగా కావాలి. రెండవ లాభం, భవిష్యత్తులో ఒక్క భాగాన్నే మార్చుకోగలగడం. మూడవది జ్ఞానం. తెర వెలగని నాడు, తన చేతులతో కూర్చినవాడు భయపడడు. విద్యుత్తు తీసివేసి, వదులైన ర్యామ్‌ను తీసి శుభ్రపరచి తిరిగి అమర్చి చూస్తాడు. చిన్న లోపమైతే అక్కడికక్కడే తీరుతుంది.

నష్టాలూ ఉన్నాయి. భాగాలకు వేర్వేరు వారంటీలు ఉంటాయి. ఏ భాగం చెడిందో తేల్చవలసినవాడు కూర్చినవాడే. లోపం బోర్డుది కాదని బోర్డు అమ్మినవాడు, ర్యామ్‌ది కాదని ర్యామ్ అమ్మినవాడు అంటే నడుమ నలిగిపోయేది అతడే. తక్కువ ధరకు ఆశపడి నాసిరకం పవర్ సప్లై కొంటే, అది చెడేటప్పుడు ఇతర భాగాలనూ వెంట తీసుకొనిపోవచ్చు. వాడిన భాగాన్ని కొత్తదిగా అంటగట్టే మోసాలకు కూడా విడిభాగాల వ్యాపారంలో తావున్నది.

మరొక ప్రమాదం కంటికి కనిపించదు. చౌకగా కూర్చిన కంప్యూటర్లలో అనుమతి లేని సాఫ్ట్‌వేర్ నకళ్ళను ఎక్కించి ఇవ్వడం ఒకప్పుడు బజారులో మామూలయింది. నకలు అని తెలిసి వాడడం 1957 నాటి కాపీరైట్ చట్టానికి 1994లో చేసిన సవరణ ప్రకారం శిక్షార్హమైన నేరం. అట్టి నకళ్ళతో వైరస్‌లు వచ్చే ప్రమాదమూ ఉన్నది. డబ్బు చెల్లించి అనుమతి పొందడం ఒక మార్గం. లైనెక్స్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను వాడడం దానికి ప్రత్యామ్నాయం.

కొనుక్కొన్నవారి లాభనష్టాలు

సిద్ధంగా ఉన్న యంత్రంతో వచ్చే ప్రధాన లాభం ఏకమైన బాధ్యత. ఒకటే బిల్లు, ఒకటే వారంటీ, ఫిర్యాదుకు ఒకటే గుమ్మం. భాగాల పొందికను సంస్థ ముందుగానే పరీక్షిస్తుంది. పెద్ద మొత్తంలో కొనడం వల్ల ఆపరేటింగ్ సిస్టమ్ అనుమతి సంస్థకు తక్కువ ధరకు లభిస్తుంది. వంద కంప్యూటర్లు ఉన్న కార్యాలయం ఒక్కొక్క యంత్రాన్ని విప్పి లోపాన్ని వెదకుతూ కూర్చోలేదు. అక్కడ సమయమే ధనం. అందువల్ల కళాశాలలకు, బ్యాంకులకు, కార్యాలయాలకు ఈ పద్ధతి అనువైనది.

అయితే ప్రకటనలలో పెద్ద అక్షరాలతో కనిపించేవి ప్రాసెసర్ పేరు, ర్యామ్ పరిమాణం మాత్రమే. పవర్ సప్లై ఎటువంటిది, మదర్‌బోర్డ్‌పై ఖాళీ స్థానాలు ఎన్ని అన్న సంగతులు అంతగా కనిపించవు. కొన్ని సంస్థలు ఏ.టి.ఎక్స్. ప్రమాణానికి భిన్నమైన ప్రత్యేక ఆకృతిలో బోర్డులను, పవర్ సప్లైలను తయారుచేస్తాయి. వారంటీ ముగిసిన తరువాత అటువంటి భాగం చెడితే బజారులో దొరికే మామూలు భాగం దానికి ఇమడదు. రెండు ర్యామ్ పలకలు జంటగా పనిచేయగల బోర్డులో ఒక్కటే అమర్చి అమ్మడమూ ఉన్నది. జంటగా ఉన్నప్పుడు ప్రాసెసర్‌కు సమాచారం రెండు దారులలో చేరుతుంది. ఒక్కటే ఉన్నప్పుడు ఒకే దారిలో చేరుతుంది.

పేరు గొప్పదైనంత మాత్రాన లోపం ఉండదనుకోవడం పొరపాటు. 2000 తరువాతి తొలి సంవత్సరాలలో ప్రపంచమంతటా నాసిరకం కెపాసిటర్లు మదర్‌బోర్డ్‌లలో చేరాయి. వాటిలోని ద్రవం సరైనది కాకపోవడంతో అవి ఉబ్బి, కారి, బోర్డులు పనిచేయకుండా పోయాయి. ప్రసిద్ధ సంస్థల యంత్రాలు సైతం దీనికి మినహాయింపు కాలేదు.

మారే ధరలు

కూర్చుకొంటే ఎప్పుడూ చౌక అన్న మాట కూడా నిలువదు. 2020, 2021 సంవత్సరాలలో చిప్పుల కొరత వల్ల, క్రిప్టో నాణేల గణనకై ఏర్పడిన గిరాకీ వల్ల గ్రాఫిక్స్ కార్డులు విడిగా దొరకడమే దుర్లభమయింది. ఆ రోజులలో గ్రాఫిక్స్ కార్డుతో సహా సిద్ధంగా ఉన్న కంప్యూటరే కొన్నిచోట్ల మేలైన బేరమయింది. 2025 చివరి నెలలలో కృత్రిమ మేధ కేంద్రాల గిరాకీ కారణంగా ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇటువంటి సమయాలలో ముందుగానే పెద్ద మొత్తంలో ఒప్పందాలు చేసుకొన్న సంస్థలకు కొంత వెసులుబాటు ఉంటుంది. కనుక నిరుడు ఒకరు చెప్పిన లెక్కను ఈనాడు నమ్మరాదు. కొనే రోజున, రెండు మార్గాల ధరలనూ సమానమైన భాగాలతో పోల్చి చూడడమే సరైన పద్ధతి.

ఒక ఉదాహరణ

మండల కేంద్రానికి చెందిన ఒక విద్యార్థిని ఇంటర్మీడియట్ చదువుతున్నదనుకోండి. పత్తి అమ్మిన డబ్బులో కొంత తీసి తండ్రి ఆమెకు కంప్యూటర్ కొనిపెట్టదలచాడు. ఆ డబ్బు మళ్ళీ చేతికి రావాలంటే మరొక పంట పండాలి. ఇక్కడ తప్పు నిర్ణయానికి చెల్లించే మూల్యం ఎక్కువ.

ఆ కుటుంబం మొదట చూడవలసినది దూరాన్ని. సంస్థ సేవాకేంద్రం ఎక్కడ ఉన్నది? మనిషి ఇంటికి వచ్చి బాగుచేసే వారంటీ ఉన్నదా, లేక యంత్రాన్ని బస్సులో నగరానికి మోసుకొనిపోవాలా? ఇంటికి వచ్చే వారంటీ ఉంటే, యంత్రాల తెలివిడి లేని ఇంటికి బ్రాండెడ్ కంప్యూటరే నెమ్మది. అది లేని పక్షంలో, ప్రమాణానికి సరిపడే భాగాలతో కూర్చిన యంత్రాన్ని ఊరిలోని మెకానిక్ కూడా బాగుచేయగలడు. ఆమెకు కుతూహలం, కొంత తీరిక ఉంటే, అనుభవజ్ఞుల పర్యవేక్షణలో తానే కూర్చుకోవడం ఒక పాఠంగా కూడా ఉపయోగపడుతుంది.

దుకాణదారుని చేత కూర్పించుకొనే పక్షంలో కొన్ని జాగ్రత్తలు అవసరం. ప్రతి భాగం పేరు, నమూనా సంఖ్య బిల్లులో విడివిడిగా ఉండాలి. పెట్టెల సీలును కళ్ళ ముందే తీయించుకోవాలి. భాగాలపై ఉన్న క్రమసంఖ్యలను రాసి ఉంచుకోవాలి. వారంటీ ముగిసేదాకా పెట్టెలను, కాగితాలను పారవేయరాదు. ఈ నాలుగు పనులకూ పైసా ఖర్చు లేదు. వివాదం వచ్చిననాడు మాటకు బలమిచ్చేవి ఇవే.

యంత్రం వయసు

కంప్యూటర్ ఎంతకాలం నిలుస్తుందన్నది కూడా నిర్ణయంలో భాగమే. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ అందించే సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. విండోస్ 11కు టి.పి.ఎం. 2.0 అనే భద్రతా సదుపాయం, నిర్దేశించిన ప్రాసెసర్లు కావాలి. చక్కగా పనిచేస్తున్న పాత యంత్రాలు ఎన్నో ఆ అర్హత పొందలేదు. ప్రమాణబద్ధమైన భాగాలతో కూర్చిన యంత్రమైతే బోర్డును, ప్రాసెసర్‌ను, అవసరమైతే ర్యామ్‌ను మార్చి, క్యాబినెట్, నిల్వ సాధనాలు, తెర వంటివాటిని యథాతథంగా వాడుకోవచ్చు. లేదా లైనెక్స్ ఎక్కించి పాతదానికే కొత్త ఊపిరి పోయవచ్చు.

ఇది సొంత ఖర్చుకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. పాత బోర్డుల అతుకులలో సీసం వంటి విషపదార్థాలు ఉంటాయి. వాటిని ఆరుబయట కాల్చడం నేలకూ, నీటికీ, ఆ పని చేసేవారి ఆరోగ్యానికీ హానికరం. ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిర్వహణకై కేంద్రప్రభుత్వం రూపొందించిన 2022 నాటి నియమాలు 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చాయి. అవి ఉత్పత్తిదారులపై రీసైక్లింగ్ బాధ్యతను ఉంచుతున్నాయి. వాడేవాడు చేయగలిగినది, బాగుచేయడానికి వీలున్న యంత్రాన్ని ఎన్నుకొని, దానిని వీలైనంతకాలం వాడడం.

ముగింపు

కూర్చుకొన్న కంప్యూటర్ గొప్పదా, కొనుక్కొన్నది గొప్పదా అన్న వాదానికి అందరికీ సరిపడే సమాధానం లేదు. కూర్చుకొనేవాడు లోపాన్ని వెదకే భారాన్ని తన భుజాన వేసుకొంటున్నాడు; అందుకు ప్రతిఫలంగా స్వేచ్ఛను, జ్ఞానాన్ని పొందుతున్నాడు. కొనుక్కొనేవాడు ఆ భారాన్ని మోయడానికి మరొకరికి వెల చెల్లిస్తున్నాడు. భారం మోయగలనా అని మొదటివాడు తనను తాను ప్రశ్నించుకోవాలి. వెల తీసుకొన్నవారు నిజంగా భారం మోస్తారా అని రెండవవాడు విచారించుకోవాలి. ఏ మార్గం ఎన్నుకొన్నా, తన బల్లమీది పెట్టెలో ఏ భాగం ఏ పని చేస్తున్నదో తెలుసుకోవడం ప్రతి విద్యార్థికీ అవసరం. తెలిసి కొన్నవాడిని మోసగించడం కష్టం. తెలిసి వాడేవాడి చేతిలో యంత్రం పదికాలాలపాటు నిలుస్తుంది.

అభ్యాసం

1. ఉమ్మడి ప్రమాణాలు ఏర్పడిన క్రమాన్ని తెలిపి, వాటివల్ల సామాన్యుడికి కలిగిన ప్రయోజనాన్ని వివరించండి.
2. 'యంత్రం చెడిననాడు బాధ్యత ఎవరిది?' అన్న ప్రశ్న ఆధారంగా అసెంబుల్డ్, బ్రాండెడ్ కంప్యూటర్లను పోల్చి రాయండి.
3. దుకాణదారుని చేత కంప్యూటర్ కూర్పించుకొనేటప్పుడు తీసుకోవలసిన జాగ్రత్తలేవి?
4. ధరలను గురించి నిరుటి లెక్కను నమ్మరాదని చెప్పడానికి పాఠంలో చూపిన ఉదాహరణలను పేర్కొనండి.
5. కింది పదాలను విడదీసి సంధి పేర్లు తెలపండి: విద్యార్థి, ప్రత్యామ్నాయం, శిక్షార్హం.
6. కింది పదాలను సొంత వాక్యాలలో ప్రయోగించండి: సందిగ్ధం, మినహాయింపు, వెసులుబాటు, పదికాలాలపాటు.